ఇంటర్వ్యూకి ముందు ఇంట్లో మాట

ఎల్లారెడ్డి అమ్మాయికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పిలుపు వచ్చిందంటే ఇంట్లో హడావిడి మనకు తెలియనిదా? నాన్న బస్సు సంగతి అడుగుతారు. నానమ్మ తోడెవరంటుంది. అమ్మ డ్రెస్సు ఇస్త్రీ చేయిస్తుంది. "రాత్రి డ్యూటీ ఇస్తే ఏం చేద్దాం?" అని మాత్రం ఎవరూ అడగరు. తీరా అక్కడ బల్లకు అవతల కూర్చున్నాయన అడుగుతాడు. పిల్ల "ఇంట్లో అడిగి చెప్తానండీ" అంటుంది. అంతదాకా చక్కగా చెప్పిన జవాబులన్నీ పలచబడిపోతాయి.

బీడీలు చుట్టి కూతుళ్ళను చదివించిన తల్లులు కామారెడ్డి చుట్టుపక్కల ఎందరో. అంత కష్టం ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోకూడదు కదా! అందుకే బస్సెక్కే ముందే అందరూ కూర్చుని తేల్చుకోండి. రాత్రి డ్యూటీకి సరేనా? హాస్టల్లో ఉంటుందా? బెంగళూరు వేస్తే పంపుతామా?

ఇది ఈనాటి చిక్కేం కాదు. అయ్యలసోమయాజుల లలితగారు మన తెలుగింటి ఆడపడుచే. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చంటిబిడ్డతో మిగిలారు. 1940లలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. పట్టా మీద అచ్చయిన "అతడు" కొట్టేసి "ఆమె" అని దిద్ది ఇచ్చారట! తర్వాత కలకత్తాలో ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో చేరారు. ఆ ఊరే ఎందుకంటే, అక్కడ ఆమె సోదరుడి కుటుంబం ఉంది. పాపను వాళ్ళు చూసుకుంటే ఈవిడ ఆఫీసుకు వెళ్ళేవారు. భాక్రానంగల్ విద్యుత్ లైన్ల పనిలో ఆమె చెయ్యి కూడా ఉంది. ఇంట్లో ఏర్పాటు కుదిరాకే ఉద్యోగం కుదిరిందన్నమాట.

ఇక చదువు సంగతి. కాలేజీ ప్రాజెక్టు గురించి తప్పకుండా అడుగుతారు. నలుగురు కలిసి చేసిందైతే తను చేసిన భాగమేదో, ఎక్కడ చిక్కుపడిందో, ఎలా విప్పిందో ముందురోజు మీకు చెప్పమనండి. మీకు జావా రాకపోయినా ఫర్వాలేదు. ఎక్కడ నీళ్ళు నములుతోందో తల్లికి తెలీదూ! రానిదాన్ని "రాదండీ" అనడమే మేలు.

"పెళ్ళెప్పుడు?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నా దృష్టిలో అది అడగాల్సిన ప్రశ్నే కాదు. కోపం తెచ్చుకోకుండా "ప్రస్తుతం ఉద్యోగమే చూసుకుంటున్నానండీ" అంటే చాలు. ఆ తర్వాత మన పిల్ల కూడా అడగాలి. రాత్రి డ్యూటీ అయ్యాక క్యాబ్ ఇస్తారా, హాస్టల్ గుమ్మం దాకా దింపుతారా, మెయిన్ రోడ్డు మీదే వదిలేస్తారా?

ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బడిగే కన్సల్టెన్సీ గడప తొక్కవద్దు. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోవాలి, ఇచ్చేది జిరాక్సులే. బాండ్ కాగితం పెడితే ఎన్నేళ్ళో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవకుండా సంతకం చేయొద్దు.

ప్రయాణానికి ఆధార్ మరచిపోకండి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులుండవు. కామారెడ్డిలో బస్సు మారి జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగితే, పక్కనే పరేడ్ గ్రౌండ్ మెట్రో. అక్కడినుంచి రైలు మారకుండానే హైటెక్ సిటీ. డబ్బాలో పులిహోర పెట్టండి, పెరుగన్నం ఎండకు పులుస్తుంది. తిరుగు ప్రయాణంలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి చివరి బస్సు ఎన్నింటికో ముందే కనుక్కుని ఉంచండి.