కాపుకు ముందటి ఏళ్ళు

లక్ష్యాన్ని ఎన్నుకోవడం కష్టం కాదు. పదవ తరగతి ఉత్తీర్ణులైన ప్రతి విద్యార్థి మనస్సులోనూ ఏదో ఒక లక్ష్యం ఉంటుంది. దానిని నిలుపుకోవడమే కష్టం. అసలైన పరీక్ష, ఫలితం కంటికి కనిపించని నడిమి సంవత్సరాలలో ఎదురవుతుంది.

ఈ సత్యం కొయ్యూరు, చింతపల్లి ప్రాంతాల గిరిజన రైతులకు కొత్త కాదు. కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేళ్ళకు గాని కాపుకు రాదు. అంతవరకు కలుపు తీయాలి, నీడచెట్లను సంరక్షించాలి. మొక్క ఒక్క రూపాయి అయినా ఇవ్వదు. అయినా రైతు దానిని పీకివేయడు. చోడి, పసుపు పండించుకొని ఇల్లు గడుపుకొంటాడు.

విద్యారంగంలో ఇట్టి ఓర్పుకు గొప్ప ఉదాహరణ గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఆయన మనకు సుపరిచితులు. ఇదే తూర్పు కనుమల ఉత్తర భాగంలోని పర్లాకిమిడిలో 1880లో ఆయన ఉపాధ్యాయులయ్యారు. సమీపంలోని కొండలలో నివసించే సవరల భాషను నేర్చుకోవాలని సంకల్పించారు. అది ముండా కుటుంబానికి చెందిన భాష; తెలుగుతో దానికి చుట్టరికం లేదు. నేర్చుకోవడానికి ఆనాడు వ్యాకరణం గాని, నిఘంటువు గాని లేవు. సవరల నోట విని నేర్చుకోవలసిందే. కాని మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వలన ఆయన వినికిడి శక్తి చాలావరకు నశించింది. చెవితో నేర్వవలసిన భాషకు చెవియే సహకరించలేదు. అయినా ఆయన ఆ కృషిని విడువలేదు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. అప్పటికి ఆయన వృద్ధులు. నిఘంటువు ఒక్కనాటితో పూర్తి కాదు. ఒక్కొక్క మాటగా చేరుతుంది.

విద్యార్థులారా! ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయిని కావాలని కోరుకొనే ఒక కొయ్యూరు బాలికను ఊహించండి. ఇంటర్మీడియట్ రెండేళ్ళు, డిగ్రీ మూడేళ్ళు, బి.ఎడ్. రెండేళ్ళు, మొత్తం ఏడేళ్ళు. ఈలోగా ఈడువారు కూలికి వెళ్ళి సంపాదించుకొంటుంటారు. ఇంటి అవసరం ఆమెను కూడా పిలుస్తుంది. ఆ పిలుపును చులకన చేయడం న్యాయం కాదు. సెలవులలో పనిచేసి తల్లిదండ్రులకు తోడ్పడడం లక్ష్యాన్ని విడిచిపెట్టడం కానేకాదు. అది రైతు వేసుకొన్న చోడి పంట వంటిది. చదువు మానివేయడం మాత్రం ఎదిగే మొక్కను పీకివేయడమే. అప్పుడు నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. తమ మాట, తమ యాస తెలిసిన ఉపాధ్యాయిని కోసం ఎదురుచూసే పిల్లలు కూడా నష్టపోతారు.

ఒక పరీక్ష తప్పితే మరల వ్రాయవచ్చు. ఒక కళాశాలలో సీటు రాకపోతే మరొక కళాశాలలో చేరవచ్చు. దారి మారినంత మాత్రాన గమ్యం మారనక్కరలేదు. ఏడేళ్ళ భారాన్ని ఒక్కసారిగా తలకెత్తుకొంటే ఎంతటివారైనా క్రుంగిపోతారు. ఈ రాత్రి చదువవలసిన పాఠం ఏదో తెలుసుకొని, దానిని పూర్తిచేసి నిద్రించడం అందరికీ సాధ్యమే.