తాటిచెట్టు కింద పాలు

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మన సామెత. దీన్ని మనం సాధారణంగా చెట్టు కింద కూర్చున్నవాడికి బుద్ధి చెప్పడానికి వాడుతుంటాం. పోయి పోయి అక్కడే ఎందుకు కూర్చోవాలి అని. మరి, చూడకుండానే కల్లు అన్నవారి సంగతేమిటని అడిగేవారు తక్కువ. ఈ టపా ఆ రెండో ప్రశ్న గురించి.

మా సామర్లకోటలో విమానాశ్రయం లేదు. విమానం ఎక్కాలంటే రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడికి పోవలసిందే. అయినా పైలట్లు మాత్రం రోజూ మా ఊరి మీదుగానే సాగిపోతుంటారు. రైలింజను డ్రైవర్లను రైల్వేవారు లోకో పైలట్లని పిలవడం మొదలుపెట్టి చాలాకాలమయింది కదా. హౌరా-చెన్నై ప్రధాన మార్గంలో, కాకినాడకు దారి చీలే జంక్షను మాది. ఈ ఊరికి మద్యంతోనూ పాత చుట్టరికం ఉంది. తెల్లదొరల కాలంలో ఇక్కడ చక్కెర తీసి, సారా కూడా కాచిన కంపెనీ పేరే డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. కాబట్టి బండి నడిపేవాడు, మద్యం అన్న రెండు మాటలు పక్కపక్కన కనబడితే మా ఊరివాళ్ళకు చెవులు కాస్త ముందే నిక్కుతాయి.

విమానమైనా రైలైనా వార్త వచ్చే తీరు ఒకటే. "తాగి వచ్చిన పైలట్, తృటిలో తప్పిన ముప్పు" అని శీర్షిక. కింద రెండు వాక్యాలు. ఒక యంత్రంలో ఏదో అంకె వచ్చింది, ఆ మనిషిని విధుల నుంచి తప్పించారు. మధ్యాహ్నానికల్లా అతని జీతం ఎంతో, పొగరు ఎంతో, ఉరి ఎప్పుడో కూడా జనం తేల్చేస్తారు. రెండో పరీక్షలో ఏమి వచ్చిందో, రక్తపరీక్ష చేశారో లేదో ఆ వార్తలో ఉండదు. తరవాత వచ్చే వార్తలోనూ ఉండదు, ఎందుకంటే తరవాతి వార్తే రాదు.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేస్తాను. ఈ పరీక్షలు వద్దనడం నా ఉద్దేశం కాదు. మన దేశపు విమాన నిబంధనలు ఈ విషయంలో చాలా కఠినమైనవి. మద్యం తాగిన 12 గంటలలోపు విమానం నడపరాదు. అమెరికాలో ఈ గడువు 8 గంటలే. అక్కడ రక్తంలో 0.04 శాతం దాకా గీత ఉంది. ఇక్కడ గీత సున్నా దగ్గరే. బయలుదేరే ముందు పరీక్షలో మొదటిసారి దొరికితే 3 నెలలు, రెండోసారి 3 ఏళ్ళు లైసెన్సు ఆగిపోతుంది, మూడోసారికి రద్దవుతుంది. రైల్వేలోనూ లోకో పైలట్లు విధుల్లో చేరేటప్పుడు, దిగేటప్పుడు యంత్రంలోకి ఊదవలసిందే. వందలమంది ప్రాణాలు ఒకరిద్దరి చేతుల్లో ఉన్నప్పుడు ఈ కాఠిన్యం న్యాయమే.

అయితే గీతను సున్నా దగ్గర గీసినప్పుడు యంత్రం చూపే ప్రతి చిన్న అంకే నేరంలా కనిపిస్తుంది. రోడ్డు మీద కారు నడిపేవాడికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. పైలటుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఆ యంత్రం పనితీరు కొంత తెలిసి ఉండాలి. ఊపిరిలోని ఆల్కహాలు లోపలి ప్లాటినం పలకలను తాకినప్పుడు రసాయనిక చర్య జరిగి సన్నటి విద్యుత్తు పుడుతుంది. ఎంత విద్యుత్తు పుట్టిందన్నదాన్ని బట్టి, రక్తానికీ ఊపిరికీ సుమారు 2100కు 1 నిష్పత్తి అనుకుని, రక్తంలో ఇంత ఉందని యంత్రం లెక్కగడుతుంది. అది రక్తాన్ని చూడదు. ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చిన ఆల్కహాలేదో, దగ్గుమందో హోమియో చుక్కలో నోటిలో మిగిల్చిన తడి ఏదో దానికి తెలియదు. మన ఇళ్ళలో బాలింతలకు పట్టించే దశమూలారిష్టం కూడా పులిసి తయారయ్యేదే, అందులోనూ కొంత ఆల్కహాలు ఉంటుంది.

నియమాలు రాసినవారికి ఈ సంగతి తెలుసు. అందుకే మొదటి పరీక్షలో అంకె వస్తే 15 నుంచి 20 నిమిషాలు ఆగి, ఆలోగా నోరు పుక్కిలించనిచ్చి, మళ్ళీ పరీక్షించమన్నారు. నోటిలో మిగిలిన తడి ఆ కాస్త వ్యవధిలో ఆరిపోతుంది. నిజంగా తాగినవాడి రక్తంలోది అంత తొందరగా పోదు. అంటే నియమం దృష్టిలో కూడా మొదటి అంకె ఒక ప్రశ్న మాత్రమే, జవాబు కాదు.

2025లో కేరళలో జరిగిన రెండు ముచ్చట్లు మన డెల్టావాసులు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. ఫిబ్రవరిలో తిరువనంతపురం రైల్వే డివిజనులో ఒక ఉత్తర్వు వచ్చింది. విధులకు వచ్చేముందు లోకో పైలట్లు కొబ్బరిబోండాలు, కొన్ని రకాల అరటిపళ్ళు, దగ్గుమందులు, శీతల పానీయాలు, హోమియో మందులు తీసుకోరాదని. యంత్రం అంకెలు చూపడం, రక్తపరీక్షలో ఏమీ తేలకపోవడం పదే పదే జరగడంతో అధికారులు పట్టిన దారి అది. యంత్రాన్ని అనుమానించడం మాని కొబ్బరిబోండాన్ని నిషేధించారు! గోలయ్యాక కొద్దిరోజులకే ఉపసంహరించుకున్నారు. అదే ఏడు జూలైలో పందళం ఆర్టీసీ డిపోలో మద్యం ముట్టని డ్రైవర్లు పరీక్షలో దొరికిపోయారు. ఆరా తీస్తే, పొద్దున్నే డిపోలో అందరూ పంచుకు తిన్న పనసతొనలే కారణమని తేలింది. కోనసీమ కొబ్బరి, మన్యం పనస తిని పెరిగిన మనం ఈ కథలు చదివి నవ్వుకోవచ్చు. తొన తిన్నవాడికి మాత్రం, కారణం తేలేదాకా, నవ్వు రాదు.

న్యాయస్థానాల మాట కూడా ఇదే. నోటి వాసన, తూలే నడక, విప్పారిన కనుపాపలు, తడబడే మాట ఉన్నంత మాత్రాన, రక్తమూ మూత్రమూ పరీక్షించకుండా మనిషి తాగాడని తేల్చలేమని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. శ్వాసపరీక్ష ఒక్కదాన్ని పట్టుకుని ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగం తీసెయ్యడం చెల్లదని తెలంగాణ హైకోర్టు 2025లో తీర్పిచ్చింది.

"నిప్పు లేనిదే పొగ రాదు కదా, నిజంగా తాగేవాళ్ళు లేరా?" అంటారా? ఉన్నారు. 2018 నవంబరులో ఢిల్లీ నుంచి లండన్ వెళ్ళే విమానం నడపవలసిన ఒక పైలటు రెండు పరీక్షల్లోనూ దొరికాడు. ఆయన అప్పుడు ఎయిరిండియాలో ఆపరేషన్స్ డైరెక్టరు కూడా. 3 ఏళ్ళు లైసెన్సు ఆగిపోయింది. అంత పెద్ద పదవిలో ఉన్నవాడిని పట్టుకున్నది ఆవేశం కాదు, ఆ ఇరవై నిమిషాల పద్ధతి. రెండో పరీక్ష వల్ల దోషి తప్పించుకోలేదు. అది ఉంది గనకనే సాకులు చెప్పే వీలు లేకపోయింది.

నా అభిప్రాయం ఇది. ఆపడం వేరు, తీర్పు చెప్పడం వేరు. ఆపడానికి అనుమానం చాలు. యంత్రం అంకె చూపగానే ఆ మనిషిని కాక్‌పిట్ లోంచో ఇంజను లోంచో దించెయ్యాలి, అరక్షణం ఆలోచించనక్కరలేదు. తీర్పుకు అనుమానం చాలదు, రుజువు కావాలి. మనం చేస్తున్న పొరపాటు, మొదటిదానికి ఉండవలసిన తొందరను రెండోదానికి అంటగట్టడం.

ఈ తొందర మద్యం దగ్గరే ఆగదు. 2023 అక్టోబరు 29న, ఇదే హౌరా-చెన్నై మార్గంలో, విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనకనుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. వెనక బండి లోకో పైలటు, అతని సహాయకుడు కూడా వారిలో ఉన్నారు. ఆ రోజు భారత జట్టు ప్రపంచకప్ క్రికెట్టు ఆడుతోంది. డ్రైవర్లిద్దరూ ఆట ధ్యాసలో పడ్డారని 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. దేశమంతా నమ్మింది. ప్రయాణ సమయంలో వారి ఫోన్లలో డేటా వాడకమే లేదని రైల్వే భద్రతా కమిషనరు దర్యాప్తులో తేలినట్టు ఆ తరవాత కొన్నాళ్ళకు పత్రికలు రాశాయి. పాడైన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ళను నియమం ప్రకారం ఆగకుండా దాటారన్న తప్పు వారి మీద ఉంది, దాన్ని కాదనను. కానీ అది వేరే తప్పు. సిగ్నలు ఎందుకు పాడయింది, పాడైనప్పుడు పాటించవలసిన నియమం వారికి ఎంతవరకు ఒంటబట్టింది అన్న ప్రశ్నలు దాని వెంట వస్తాయి. క్రికెట్టు కథకు ఆ ప్రశ్నలతో పనిలేదు. చనిపోయినవారు లేచి వచ్చి జవాబు చెప్పరు, వారి పిల్లలు మాత్రం బడికి పోవాలి.

2025 జూన్ 12న అహ్మదాబాదులో కూలిన ఎయిరిండియా విమానం సంగతీ అంతే. పైలట్లిద్దరూ శ్వాసపరీక్షలో నెగ్గి, విధులకు తగినవారేనని తేలాకే విమానం ఎక్కారని నెల తరవాత వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. అదే నివేదికలోని రెండు ముక్కల సంభాషణను పట్టుకుని ఒక పైలటును దోషిని చేసినవారు ప్రపంచమంతటా కనబడ్డారు. తుది నివేదిక దాకా ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. మద్యం మాట లేకపోతే మరో మాట దొరికింది.

ఇలాంటి వార్త ఈసారి కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందామని నా మనవి. ఇది మొదటి పరీక్షా, రెండోదా? రక్తం తీశారా? ఈ మాట చెబుతున్నది దర్యాప్తు చేసినవారా, దర్యాప్తు కన్నా ముందు మైకు అందుకున్నవారా? జవాబు లేకపోతే, బండి ఆగినందుకు సంతోషించి, మనిషి సంగతి పక్కన పెడదాం. పరీక్ష చేసేవారినే ఇరవై నిమిషాలు ఆగమంటున్నారు. ఏ బండీ నడపవలసిన తొందర లేని మనం ఇంకొంచెం ఎక్కువే ఆగవచ్చు.