పరాయి యుద్ధానికి పంపేముందు సభను అడగండి



మన సైన్యాన్ని ఇంకో దేశంలో యుద్ధానికి పంపాలా వద్దా అన్నది ఢిల్లీలో కొద్దిమంది మంత్రులు తలుపులు వేసుకుని తేల్చే విషయం కాకూడదు. ఉభయ సభల్లో చర్చ జరిగి, ఓటింగ్ అయ్యాకే దళాలు కదలాలని చట్టం రావాలి.

ప్రొద్దుటూరులో కూర్చున్నవాళ్లకు ఈ గొడవ ఎందుకని కొందరు నవ్వొచ్చు. కానీ వానను నమ్ముకుని శనక్కాయ వేసే ఇళ్లలో ఒక కొడుకు కువైట్‌కు, ఇంకో కొడుకు మిలిటరీకి పోవడం జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో కొత్త కాదు. యుద్ధం, శాంతి రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి మన అసెంబ్లీకి ఇందులో అధికారం లేదు. మిగిలింది పార్లమెంటు. అక్కడా ముందుగా ఓటు పెట్టి తీరాలన్న నిబంధన లేదు.

1939 సెప్టెంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన ప్రతినిధులను అడగకుండానే దేశాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోకి దించితే, అప్పట్లో కడప కూడా భాగమైన మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. పరాయి పాలకుడు చేస్తే తప్పయినది మనవాళ్లు చేస్తే ఒప్పవుతుందా? 1987 జూలై 29న కొలంబోలో భారత్-శ్రీలంక ఒప్పందంపై సంతకాలయ్యాయి, మరునాటికల్లా మన దళాలు శ్రీలంకలో దిగాయి. శాంతి కోసమని వెళ్లినవాళ్లు అక్టోబరుకల్లా అక్కడి తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈతో పోరాడుతున్నారు. దాదాపు 1,200 మంది మన జవాన్ల ప్రాణాలు పోయాయి. 1990 మార్చిలో చివరి దళాలు తిరిగొస్తే స్వాగతం చెప్పడానికి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. పంపినప్పుడు ఓటేసి బాధ్యత తీసుకున్న సభ లేదు, అందుకే నింద జవాన్ల మీద పడింది.

2003లో ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది. అప్పటికే ఏప్రిల్‌లో లోక్‌సభ ఇరాక్‌పై అమెరికా యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసి ఉంది. జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం కుదరదని చెప్పేసింది. సభ ముందుగానే మాట్లాడితే ప్రభుత్వానికి కాదనే బలం వస్తుంది.

శత్రువు సరిహద్దు దాటితే ఓట్లు లెక్కపెడుతూ కూర్చోవాలా అంటారు. దేశరక్షణకు ఈ షరతు అక్కర్లేదు. విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్లను తెచ్చుకోవడానికీ అక్కర్లేదు. రహస్యం బయటపడుతుందన్న భయమూ లేదు. ఎక్కడ, ఎప్పుడు దిగాలన్నది సేనాధిపతులు చూసుకుంటారు, సభ తేల్చాల్సింది వెళ్లాలా వద్దా అన్నదే. జర్మనీలో 1994 నాటి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు, 2005 చట్టం ప్రకారం పార్లమెంటు ఒప్పుకోనిదే సాయుధ దళాలు విదేశీ పోరుకు వెళ్లవు. అలాగని ఆ దేశం బలహీనపడలేదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ కడప లోక్‌సభ స్థానంలోనివే. మా ఎంపీ ఏ పార్టీవారైనా సరే, ముందుగా సభ ఓటు కావాలనే ఈ చట్టాన్ని ప్రైవేటు సభ్యుల బిల్లుగా పెట్టాలి. నెగ్గకపోవచ్చు. కానీ ఎవరు సరేనన్నారో, ఎవరు నోరు మెదపలేదో రికార్డుల్లో ఉంటుంది. ఎన్నికలప్పుడు మా గడపకు వచ్చినవారిని ముందుగా దాని గురించే అడుగుతాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా