నాఫ్ప్లియోలో బస దండగా?

సంపాదకులకు,

గత సంచికలో గ్రీసులోని నాఫ్ప్లియో మీద వ్యాసం చదివాను. ఏథెన్స్‌లో దిగి, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చన్నారు. సముద్రపొడ్డున అపార్ట్‌మెంట్ హోటల్ డబ్బు దండగన్నారు. నేనొప్పుకోను. అక్కడి పలమిడి కోట మెట్లు జనం లెక్కలో 999. మిట్టమధ్యాహ్నం ఎక్కి చూడండి, తెలుస్తుంది! ఊళ్లోనే ఉంటే తెల్లారగానే ఎక్కేసి, ఎండ ముదిరేలోపు గదికొచ్చి అన్నం వండుకోవచ్చు. మేం టమాటా పప్పు చేసుకుని, బాల్కనీలో కూర్చుని, నీళ్ల మధ్యనున్న బూర్ట్‌జి కోటను చూస్తూ తిన్నాం. లిఫ్టు లేదు, రాత్రిళ్లు కింద కాఫీ షాపుల గోల, అదీ నిజమే.

ఏథెన్స్ కంటే ముందు, 1834 దాకా, గ్రీసుకు నాఫ్ప్లియోనే రాజధాని. స్వతంత్ర గ్రీసు తొలి అధినేత కపోడిస్ట్రియాస్‌ను 1831లో ఇక్కడే, సెయింట్ స్పిరిడాన్ చర్చి గుమ్మం దగ్గర చంపారు. ఆ చర్చి ఊసే మీ వ్యాసంలో లేదు. బస్సు టైము చూసుకుంటూ తిరిగితే అంతే మరి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం