దిగారా, ఎక్కారా?

హౌరాలో రైలు దిగిన తెలుగువాణ్ని కోల్‌కతా మిత్రుడు అడిగే మొదటి ప్రశ్న "కోథాయ్ ఉఠేఛేన్?". మాటకు మాట పెట్టి తెలుగు చేస్తే "ఎక్కడ ఎక్కారు?" అని. రైలు సంగతి కాబోలు అనుకుని "విజయవాడలో" అన్నారా, నవ్వులపాలే. ఆయన అడుగుతున్నది మీరు ఏ హోటల్లో దిగారని. మనం దిగే చోటికి బెంగాలీ ఎక్కుతాడన్నమాట. అదే ముక్క ఇంగ్లీషులో అడగాల్సి వస్తే మాత్రం ఇద్దరి నోటా తరచూ ఒకటే వస్తుంది: "వేర్ ఆర్ యూ పుట్ అప్?" ఇక్కడ దిగడమూ లేదు, ఎక్కడమూ లేదు. ఎవరో మిమ్మల్ని ఎత్తి పైన పెట్టారు.

ఆ ఎవరో ఎవరన్నదే ఈ మాటలో అసలు కిటుకు. ఇంగ్లీషువాడికి 'పుట్ అప్' చేసేది ఆతిథ్యమిచ్చేవాడు. స్నేహితుడు నాలుగు రోజులు తన ఇంట్లో చోటిస్తే, ఆ చోటివ్వడమే పుట్ అప్. మనం దాన్ని కర్మణిలోకి తిప్పి, సొంత ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాణ్ని కూడా "ఎక్కడ పుట్ అప్?" అని అడుగుతున్నాం. లండన్‌లో అడిగితే 'స్టేయింగ్' అనో 'లివింగ్' అనో అనాలి. 'అకామడేట్' అంటే చోటు సర్దడం, అందులో ఆఫీసు వాసన ఉంది. 'లాడ్జ్' అంటే డబ్బు చేతులు మారింది. తెలుగులో మాత్రం తేడాలు లేవా? విడిది పెళ్లివారికి, బస యాత్రికులకు, మకాం నాయకులకు. మామూలు మనిషి ఎక్కడైనా దిగుతాడంతే.

ఇంగ్లీషు క్రియకు 'అప్', 'ఆఫ్', 'అవుట్' లాంటి తోక తగిలిస్తే అర్థం ఎటు దూకుతుందో చెప్పలేం. వీటినే ఫ్రేజల్ వెర్బ్స్ అంటారు. పుట్ అప్ వాటిలో మహా గడుసుది. నిఘంటువు తెరిస్తే ఎరెక్ట్, సబ్మిట్, నామినేట్, టాలరేట్ అని పర్యాయపదాలు వరసగా కనిపిస్తాయి. పరీక్షకు చదివే కుర్రాడు వాటిని బట్టీ పడతాడు. కానీ ఒకదాని చోట ఒకటి పెడితే అతకవు.

దసరా రోజుల్లో కోల్‌కతా వీధులు చూడండి. అక్కడి దుర్గాపూజను 2021లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వీధి వీధికీ లేచే ఆ మండపాలను బెంగాలీలు 'ప్యాండెల్' అంటారు. అది దక్షిణాది మాట, మన పందిరికి దగ్గర చుట్టం. ప్యాండెల్‌ను ఇంగ్లీషులో 'పుట్ అప్' చేస్తారు. 'కన్‌స్ట్రక్ట్' అంటే సిమెంటు గుర్తొస్తుంది. నాలుగు రోజుల తర్వాత విప్పేసేదానికి ఆ మాట బరువెక్కువ. తెలుగులోనూ పందిరి వేస్తాం, ఇల్లు కడతాం. ఎవరైనా "పందిరి నిర్మించారు" అంటే అది పత్రికా ప్రకటన భాష. ఇదే పుట్ అప్ పోస్టరు దగ్గర అంటించడం, చెయ్యి దగ్గర ఎత్తడం, ధర దగ్గర పెంచడం, ఎన్నికల్లో అభ్యర్థి దగ్గర నిలబెట్టడం. తెలుగు ఇన్ని క్రియలు వాడే చోట ఇంగ్లీషు ఒక్కదానితో నెట్టుకొస్తుంది.

ఇక ఆఫీసు. 1777లో కట్టడం మొదలైన రైటర్స్ బిల్డింగ్ కోల్‌కతా నడిబొడ్డున ఉంది. రైటర్లంటే రచయితలు కారు, ఈస్టిండియా కంపెనీ గుమాస్తాలు. 1800లో స్థాపించిన ఫోర్ట్ విలియం కాలేజీ కొంతకాలం ఆ భవనంలోనే నడిచింది. కంపెనీ కుర్రాళ్లు మన భాషలు నేర్చుకున్న ఊళ్లోనే మనవాళ్లు వాళ్ల దఫ్తరు ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఫైళ్ల మీద గుమాస్తాలు నోటు మీద నోటు రాయడం చూసి, 1899లో వైస్రాయిగా వచ్చిన కర్జన్ విసిగిపోయాడు. ఫైళ్ల పెరుగుదలను ఆయనా ఆపలేకపోయాడు. పశ్చిమ బెంగాల్ సచివాలయం 2013లో హౌరాలోని నబన్నకు మారినప్పుడు ముఖ్యమంత్రి గదిని 14వ అంతస్తులో పెట్టారు. ఫైలు 'అప్' వెళ్లడమంటే అక్కడ అక్షరాలా పైకి వెళ్లడమే.

మన తెలుగు ఆఫీసుల్లోనూ ఆ మాట స్థిరపడిపోయింది. పెన్షన్ కోసం తిరిగే పెద్దాయనకు తరచూ దొరికే జవాబు: "మీ ఫైలు పుటప్ చేశామండీ." ఈ వాక్యం ఏం చెబుతోంది? కాగితం ఒక బల్ల వదిలిందని మాత్రమే. 'రికమెండ్' చేశామంటే సంతకం చేసినవాడికి ఒక అభిప్రాయం ఉందని అర్థం. 'ఫార్వర్డ్' చేశామంటే ఎవరికి అని అడగొచ్చు. పుటప్‌కు అలాంటి చిక్కుల్లేవు. పైన ఎవరున్నారో, ఏం చేయమని అడిగారో చెప్పనక్కర్లేదు. అందుకే అది అంతగా బతికిందని నా అనుమానం. పెద్దాయన తిరిగి అడగాల్సింది ఒకటే: "ఏమని రాసి పెట్టారు?"

చివరగా దీనికే 'విత్' కలిస్తే పుట్టే మాట. 'పుట్ అప్ విత్' అంటే సహించడం అని నిఘంటువు చెబుతుంది. నిజానికి ఇది చిరాకుల మాట. పక్కింటి పాటల గోల, కరెంటు కోత, గురకపెట్టే భర్త... వీటిని సణుక్కుంటూ పుట్ అప్ విత్ చేస్తారు. నొప్పిని, హింసను తట్టుకున్నప్పుడు 'ఎండ్యూర్' కావాలి. 'టాలరేట్' అనాలంటే సాధారణంగా ఆపగలిగే అధికారం ఉండి ఊరుకున్నవాడు కావాలి. తెలుగులో ఈ మెట్లు ఇంకా ఎక్కువ: సర్దుకుపోవడం, ఓర్చుకోవడం, సహించడం, భరించడం. కొత్త కోడలికి మనింట్లో చెప్పే 'సర్దుకుపో' బెంగాలీ ఇంట్లో 'మానియే నావ్' అవుతుంది. సలహా ఒకటే, ఇచ్చేవాళ్లూ ఒకరే.

ఈ తేడా వ్యాకరణం క్లాసుతో అయిపోదు. భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని నేరంగా చేస్తూ 1983లో 498ఎ వచ్చింది. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు ఉన్నాయి. ప్రాణానికో, శరీరానికో, మానసిక ఆరోగ్యానికో తీవ్రమైన హాని కలిగించే ప్రవర్తనా అన్నది అందులో కీలకమైన ప్రశ్న. తెలుగులో చెప్పిన సాక్ష్యం ఇంగ్లీషులో టైపు కావడం మన కోర్టుల్లో కొత్త కాదు. "ఆరేళ్లు భరించాను" అని ఆమె అంటే, టైపులో అది "ఐ పుట్ అప్ విత్ ఇట్ ఫర్ సిక్స్ ఇయర్స్" అయిందనుకోండి. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కానీ పైకోర్టులో ఆ కాగితం మాత్రమే చదివే జడ్జికి ఆమె ఆరేళ్లూ గురక విన్నట్టే ఉంటుంది.