చూపు దూరంగా... చెయ్యి నెమ్మదిగా!

సైకిల్ నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? ముందు చక్రం వంక చూశామా, పడ్డామే! ‘దూరంగా చూడరా’ అని వెనకాల సీటు పట్టుకున్నవాళ్లు అరిచేవాళ్లు. హెలికాప్టర్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ చెప్పేదీ దాదాపు అదే మాట.

గాల్లో ఒకేచోట నిలబెట్టడాన్ని ‘హోవర్’ అంటారు. చూడ్డానికి ఏమీ చెయ్యనట్టే ఉంటుంది గానీ, కొత్తవాళ్లకి చుక్కలు చూపించేది ఇదే. కుడిచేతిలోని సైక్లిక్ ఎటు వాలాలో చెబుతుంది. ఎడమచేతిలోని కలెక్టివ్ పైకీ కిందికీ తీసుకెళుతుంది. పెడల్స్ ముక్కుని అటూ ఇటూ తిప్పుతాయి. ఒకటి కదిపితే మిగతావి సర్దుకోవాలి.

కంగారులో కొత్తవాడు ఎదురుగా ఉన్న నేలనే చూస్తాడు. దగ్గరి నేల చిన్న కదలికకే సర్రున జారినట్టు కనిపిస్తుంది. దాన్ని ఆపాలని చెయ్యి అతిగా కదుపుతాడు. ఇంకేముంది, ఉయ్యాలే! అదే దూరంగా ఉన్న చెట్టునో, భూమీ ఆకాశం కలిసే గీతనో చూస్తే ఎంత వంగామో, ఎంత తిరిగామో ఇట్టే తెలుస్తుంది. పక్కకి జరుగుతున్నామా అన్నది ఓరచూపే చెప్పేస్తుంది.

మరి ఆ గీతే మాయమైతే? పొగమంచులో జరిగేది అదే. మెల్లగా ఒకే తీరున తిరుగుతుంటే కాసేపటికి లోపలిచెవికి ఆ మలుపు తెలియదు. తిన్నగానే వెళుతున్నాం అనిపిస్తుంది. 2020 జనవరి 26న అమెరికాలోని కాలాబాసాస్ దగ్గర జరిగిన ప్రమాదం గుర్తుందా? మబ్బులోకి వెళ్లిన పైలట్, 4,000 అడుగులకి ఎక్కుతున్నానని కంట్రోలర్‌కి చెప్పాడు. నిజానికి అప్పుడు హెలికాప్టర్ ఎడమకి తిరుగుతూ కిందికి దిగిపోతోంది! బాస్కెట్‌బాల్ స్టార్ కోబీ బ్రయంట్, ఆయన కూతురితో సహా 9 మంది చనిపోయారు. పైలట్ దిక్కుతోచని స్థితిలో పడ్డాడనీ, ప్రయాణం పూర్తి చెయ్యాలని తనమీద తనే ఒత్తిడి పెట్టుకుని ఉండొచ్చనీ దర్యాప్తు సంస్థ తేల్చింది.

అందుకే శిక్షణలో రెండో పాఠం కూడా ఉంటుంది. బయట ఏమీ కనిపించనప్పుడు ఒంటిని నమ్మకు, మీటర్లని నమ్ము. అసలు అంతదాకా రానివ్వకుండా ముందే వెనక్కి తిరుగు, లేదా దిగిపో.

తీర్థయాత్రకో, సరదాకో మనమూ ఎప్పుడో హెలికాప్టర్ ఎక్కుతాం. ‘ఈరోజు వాతావరణం బాలేదండీ, వెళ్లలేం’ అని పైలట్ అంటే గొడవపడకండి. చేతులు జోడించి, టీ తాగి రండి!