సేవకు శాలువ, ఆటకు అపవాదు

మన సంఘపు వార్షికోత్సవములలో నర్సులను సన్మానించు ఆచారము ఇటీవల బాగుగ నాటుకొన్నది. వేదికపై నిలువబెట్టి శాలువ కప్పుదుము, పండ్లపళ్ళెము చేతికిత్తుము, తల్లి తరువాత తల్లి యని పొగడుదుము. ఆ సన్మానములను తప్పుపట్టుటకు మేమీ వ్యాసము వ్రాయుటలేదు. శాలువ కప్పిన చేతులే కొన్నాళ్ళకు ఆ పిల్లను వ్రేలెత్తి చూపుట కన్నులార చూచితిమి గనుక వ్రాయుచున్నాము.

సంగతి యిది. కోవిల్‌పట్టికి చేరువనున్న నల్లరేగడి పల్లెలో పుట్టిన మన తెలుగింటి పిల్ల యొకతె నర్సు చదువు చదివి విరుదునగరమున ఉద్యోగము చేయుచున్నది. ఇంటికి పెద్దకూతురు. తమ్ముని చదువు, తండ్రి మందులు ఆమె జీతము మీదనే నడచుచున్నవి. ఆమెకొక ఆటయందు మక్కువ. నెలకొక సెలవునాడు తోడి నర్సులిద్దరితో బస్సెక్కి, తిరుచ్చెందూరు మీదుగా మణప్పాడు పోయి, పలకపై నిలిచి అలలమీద స్వారి చేయుట నేర్చుకొనుచున్నది. సర్ఫింగు అని లోకమున పిలుచు ఆట యిదే. ఈ కబురు చెవినిబడి, దాదాపు కుదిరిన సంబంధమొకటి తప్పిపోయినది. వచ్చినవారు కట్నము మాట యెత్తలేదు. జాతకము మాటయు ఎత్తలేదు. "అలలమీద తిరుగు పిల్ల ఇంట నిలుచునా?" అని ఒక్క ప్రశ్న వేసి లేచిపోయిరి. అచ్చట కూర్చున్న మన పెద్దలలో ఒక్కరును బదులు పలుకలేదు. ఆ బదులు ఇప్పుడు మేము చెప్పదలచితిమి.

మొదట ఆమె పని యెట్టిదో చూడుడు. నర్సు ఉద్యోగమునకు పగలు రాత్రి యను భేదము లేదు. ఉదయము, మధ్యాహ్నము, రాత్రి యని వంతులు మారుచుండును. రాత్రి వంతు పండ్రెండు గంటలు సాగు చోట్లును కలవు. ఒక మంచమువద్ద సెలైన్ సీసా మార్చవలెను, మరియొక మంచమువద్ద జ్వరము చూచి వ్రాయవలెను, ఇంకొకచోట ఊపిరాడని ముసలివానిని లేపి కూర్చుండబెట్టవలెను. మందు మోతాదులో ఒక చుక్క తప్పినను ప్రాణము మీదికి వచ్చును. డాక్టరు రాలేదని బంధువులకు కోపము వచ్చిన, ఎదుట నిలిచిన నర్సుమీదనే విరుచుకుపడుదురు. తెల్లవారుజామున ఒక ప్రాణము పోయిన, కన్నుమూసిన వారిని శుభ్రపరచి అప్పగించునదియు ఆమెయే. ఇంత చేసి ఇల్లు చేరునప్పటికి పొయ్యి ఆమెకొరకు కాచుకొని యుండును. "పగలంతయు ఇంటనే యుందువుగదా" యని అత్తగారో తల్లిగారో అందురు. రాత్రియంతయు మేలుకొన్నదానికి పగలే రాత్రి యను ఎరుక మన ఇండ్లలో ఎందరికి కలదు?

ఇది మా జాలిమాట కాదు. దేహములోని గడియారము వెలుతురు చీకట్ల ననుసరించి ఎట్లు నడచునో కనుగొన్న శాస్త్రజ్ఞులు మువ్వురకు 2017లో నోబెల్ బహుమతి లభించినది. ఆ గడియారమును తలక్రిందులు చేయు వంతుపని బహుశః కాన్సరు కారకములలో నొకటి కావచ్చునని అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2007లో తేల్చి, రాత్రిపనిని గూర్చి 2019లో అదే నిర్ణయమును నిలిపినది. ఆ 2019లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, తీరని ఉద్యోగ భారముచేత మనిషి లోలోన కాలిపోవుటను తన వ్యాధుల వర్గీకరణ గ్రంథమున ఉద్యోగ సంబంధమగు స్థితిగా పేర్కొన్నది. కాబట్టి అలసట యనునది సోమరి పెట్టు సాకు కాదు. అది లెక్కలోనికి రావలసిన వస్తువు.

ఇక ఆక్షేపణలకు వత్తము. "సేవ యనగా తపస్సు. తపస్సు చేయువారికి ఆటలేమిటి?" అనునది మొదటిది. తపస్సను మాట వినుటకు సొంపుగా నుండును, చెప్పువానికి ఖర్చులేదు. 2020 సంవత్సరమును ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా ముందే ప్రకటించినది. ఆ యేటనే మహమ్మారి వచ్చిపడినది. మార్చి 22వ తేదీ సాయంకాలము అయిదు గంటలకు మన వాకిళ్ళలో నిలిచి చప్పట్లు చరచితిమి, పళ్ళెములు మ్రోగించితిమి. మ్రోత అణగిన పిమ్మట వారి నిద్రను గూర్చి, వారి సెలవును గూర్చి అడిగినవారెందరు?

ఫ్లారెన్సు నైటింగేలు పేరు చెప్పి మనవారు పిల్లల నోళ్ళు మూయింతురు. ఆమె 1854లో క్రిమియా యుద్ధరంగమునకు పోయి, 1856లో తిరిగివచ్చి, ఆ పిమ్మట చిరకాలము రోగగ్రస్తయై గదిలోనుండియే పనిచేసినది. దీపము మాత్రము మనకు జ్ఞాపకమున్నది. దీపము పట్టినామె దేహమేమైనదో జ్ఞాపకము లేదు. 1860లో ఆమె లండనులో పాఠశాల పెట్టించినది నర్సుపనిని శిక్షణగల వృత్తిగా నిలుపుటకు. మన రాజధానిలోను 1926లోనే నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చినది. 1946లో వేలూరిలో నర్సింగు పట్టపు చదువు మొదలైనది. చదువు, చట్టము, జీతము గలది వృత్తి. వృత్తియన్న తరువాత పనివేళ యొకటి, పని ముగిసిన వేళ యొకటి యుండును. ఆ రెండవ వేళకు యజమానురాలు ఆమెయే.

రెండవ ఆక్షేపణ: "సముద్రపుటాట మనది కాదు, పరదేశపు వెర్రి." ఆట పుట్టినది పసిఫిక్ దీవులలో, హవాయి ద్వీపవాసియగు డ్యూక్ కహానమోకు దానిని లోకమునకు పరిచయము చేసిన వారిలో ముఖ్యుడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో అది తొలిసారి చేరినది. అంతమాత్రాన అల మనకు కొత్తయా? బల్లకట్టు కర్రలను త్రాళ్ళతో బిగించి అలలను దాటిన కట్టుమరము ఈ తీరపు సొత్తు. ఇంగ్లీషువారు ఆ పేరునే తమ భాషలో కలుపుకొనిరి. రేవు లేని చెన్నపట్నమున ఓడల సరకును, మనుష్యులను పెద్ద అలలమీదుగా ఒడ్డునకు చేర్చినవి మసూలా పడవలు. వానికి మేకులు లేవు. పలకలను కొబ్బరి త్రాళ్ళతో కుట్టుదురు. అల కొట్టినప్పుడు విరుగక వంగవలెనని వారి యుక్తి. విరుగక వంగుట నేర్పినది ఈ సముద్రమే యైనప్పుడు, అలసిన పిల్ల ఆ పాఠమునకే పోయినది, తప్పేమి?

మఱియు కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలోనిది. మణప్పాడు ఆ జిల్లాలోనిదే. ఇసుకతిన్నె, గుట్టపై పాత చర్చి, దాని క్రింద అలలు: పలక స్వారి చేయువారికి ఎరుకైన రేవు అది. దానికి ఉత్తరమున కొద్ది దూరముననే తిరుచ్చెందూరు. మనలో ఆ స్వామికి మ్రొక్కని యిల్లు అరుదు. ఆడ, మగ, ముసలి, పిల్ల అందరును అచ్చట సముద్రమున మునిగి, పిదప నాళికిణఱు నీటితో స్నానము చేసి వత్తురు. తిరుచ్చెందూరులో మునిగిన పుణ్యమును, మణప్పాడులో అదే నీటిపై నిలిచిన పాపమును ఎట్లగును? తమిళులు కడల్ అందురు, మనము కడలి యందుము. మాట ఒకటే, నీరు ఒకటే. మారినది మన చూపు.

మూడవది అన్నింటికంటె లోతైనది, పైకి చెప్పరు. "ఆడపిల్ల గదా!" కోవిల్‌పట్టి హాకీకి పుట్టినిల్లని మనము గర్వింతుము. 2022 ఆసియా కప్పులో భారతజట్టున ఆడిన మారీశ్వరన్ శక్తివేల్ ఈ యూరి బిడ్డయని వీధివీధిని చెప్పుకొంటిమి. కుఱ్ఱవాడు మిల్లు పనియో పుస్తకములో వదలి కఱ్ఱపట్టుకొని మైదానమునకు పోయిన దానిని క్రీడాసక్తి యందుము. వాని అక్క పండ్రెండు గంటల పని ముగించి ఆటకు పోయిన దానిని తిరుగుడు అందుము. ఒక్క ఇంట రెండు తూనికలు!

మన పూర్వులు ఈ కరిసల్ భూములకెట్లు వచ్చిరో ఇడైసేవల్ వాసియగు కి. రాజనారాయణన్ గారు తమిళమున నవలగా వ్రాసిరి. 1991లో సాహిత్య అకాడమీ వారిని గౌరవించినదియు ఆ కథకు కొనసాగింపైన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకే. తెలుగిండ్లలో ముసలివారు చెప్పు వలస కథయు అదే తీరు: ఒక పాలకుని కోరికకు బలికానున్న ఆడపిల్లను కాపాడుటకు ఇల్లు, గొడ్డు, గోద వదలి, ఏరులు దాటి దక్షిణమునకు వచ్చితిమని. ఆడపిల్ల యిచ్ఛకై ఊరు విడిచిన జాతివారమని చెప్పుకొనుచు, అదే జాతి ఆడపిల్ల నెలకొకనాడు సముద్రము చూచి వచ్చుటకు ఇచ్ఛ లేదనుట మనకు సిగ్గుకాదా?

ఎదుటి పక్షమున నిజమున్నచోట ఒప్పుకొందము. సముద్రము ఆటబొమ్మ కాదు. 2004 డిసెంబరు 26 ఈ తీరము మరువలేదు. ఒడ్డునుండి లోనికీడ్చు ప్రవాహములు మంచి ఈతగానిని సైతము అలసింపజేయును. కాబట్టి ఈత రానిదే పలక ముట్టరాదు. నేర్పువారు లేక, తోడు లేక దిగరాదు. నైరృతి గాలులు ముదిరి బెస్తవారు వలదన్ననాడు తిరుగుమాట లేక వెనుకకు రావలెను. రాత్రి డ్యూటీ ముగించి నిద్రలేక సముద్రమునకు పోరాదు. ఈ కట్టుబాట్లను ఆ పిల్ల మనకంటె బాగుగ ఎరుగును. ప్రమాదమును రోజూ వార్డులో చూచునది ఆమె గదా. అలల స్వారి ఆసుపత్రుల కొరతలను తీర్చునని కూడ మేమనము. నర్సుల సంఖ్య చాలకున్న, సెలవులు దొరకకున్న, దానికి మందు సముద్రమున లేదు. అది పాలకులు, యాజమాన్యములు తీర్చవలసిన బాకీ. ఆటను చూపి ఆ బాకీని ఎగవేయనీయరాదు. కాని బాకీ తీరునంతవరకు ఆమె ఊపిరి పీల్చుకొను కిటికీని మనచేతితో మూయుటయు న్యాయము కాదు.

2022 జనవరిలో విరుదునగరమునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. మన పిల్లలు ఇంకను అనేకులు ఈ వృత్తిలోనికి వత్తురు. వారి కొరకు మేము కోరునవి పెద్దవి కావు. రాత్రి డ్యూటీనుండి వచ్చినదానిని మధ్యాహ్నము వరకు లేపకుడు. ఆ నాటి పొయ్యి ఇంటిలోని మగవారు చూచుకొనుడు. నెలకొక దినము ఆమెదియని ఒప్పుకొనుడు. ఆ దినమున ఆమె సముద్రమునకు పోయినను, పాటకు కూర్చున్నను, ఊరక పడుకొన్నను లెక్కయడుగకుడు. సంఘమువారికి మా మనవి: వచ్చేయేడు శాలువలు మానుడు. ఆ సొమ్ముతో మన ఆడపిల్లలకు ఈత నేర్పించుడు. సంబంధములు చూచువారు పిల్ల ఏ ఆటయాడునని కాదు, మా యింట ఆమె నిద్రకు చోటున్నదా యని తమ్ముతాము ప్రశ్నించుకొనుడు.

చివరగా ఒక మాట ఒప్పుకొనవలెను. సంబంధమువారు లేచిపోయిననాడు మౌనముగ కూర్చున్న పెద్దలలో మేమును ఉంటిమి. కాఫీ చల్లారుచుండగా నేల చూచుచు కూర్చుంటిమి. ఆ పిల్ల లోపలినుండి వచ్చి గ్లాసులు తీసికొనిపోయి, చీర మార్చుకొని, "డ్యూటీకి వేళయైనది, మామా" యని చెప్పి బస్సుకు పోయినది. ఆ రాత్రి ఆమె ఎవరి తండ్రినో, ఎవరి బిడ్డనో కాచినది. "ఇంట నిలుచునా?" యని అడిగినవారికి ఆనాడే చెప్పవలసిన బదులు ఇంతే: అయ్యా, ఆమె నిలుచును. రాత్రులు రాత్రులు మనకొరకు నిలిచియే యున్నది. ఆమె ప్రక్కన నిలువవలసినది మనము.